పాల ప్యాకెట్లు చివరి అరలోనే ఎందుకు?

జనగామలోనో మహబూబాబాద్‌లోనో పాత కిరాణా కొట్టుకు పోతే మనం బల్లకు ఇవతలే నిలబడతాం. "అర్ధకిలో కందిపప్పు" అంటే సేటు తూచి పొట్లం కట్టిస్తాడు. చీటీలో లేనిది కొనడం తక్కువ. సూపర్‌మార్కెట్‌లో బుట్ట మన చేతికే ఇస్తారు.

ఈ పద్ధతికి బాట వేసింది క్లారెన్స్ సాండర్స్. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో 'పిగ్లీ విగ్లీ' దుకాణం తెరిచాడు. లోపలికొచ్చినవాళ్లు అరలన్నీ దాటుకుంటూ ఒకే దారిలో నడిచి, చివర డబ్బు కట్టి బయటపడాలి. అసలు కిటుకంతా ఆ నడకలోనే ఉంది.

ఇప్పుడూ చాలాచోట్ల పాలు, పెరుగు వెనక గోడ దగ్గరే ఉంటాయి. గోదాము నుంచి తెచ్చి ఫ్రిజ్‌లో సర్దడం తేలిక, అది నిజమే. కానీ అక్కడిదాకా వెళ్లేలోపు బిస్కెట్లు, సబ్బులు పలకరిస్తాయి కదా! బాగా అమ్ముడుపోవాలనుకున్నవి పెద్దల కంటి ఎత్తులో పెడతారు. చవకవి తరచూ కింది అరకు చేరతాయి. చాక్లెట్లు మాత్రం బిల్లు కౌంటర్ పక్కన, సరిగ్గా మీలాంటి పిల్లల కంటికి ఆనేలా! లైన్లో తోచక నిలబడితే చెయ్యి అటే పోతుంది.

ఇది మోసమేం కాదు, వ్యాపారం. భూపాలపల్లిలో ఉన్నా ఇంకెక్కడున్నా, ఈసారి అమ్మతో సరుకులకు పోయేముందు చీటీ రాసుకోండి. కింది అర కూడా వంగి చూసి, కిలో ధర పోల్చండి.