అటక మీద ఏ యుగం ఉంది?

అమెరికాలో కామిక్స్ దాచుకునేవాళ్లు సూపర్‌మ్యాన్ వచ్చిన 1938 నుంచి స్వర్ణయుగం, 1956 నుంచి రజతయుగం, 1970 నుంచి కంచుయుగం అంటారు. మరి 1947 జూలైలో పుట్టిన మన చందమామకో?

మనవాళ్లు మనుషుల పేర్లే చెబుతారు. చిత్రా బొమ్మల కాలం, వపా ముఖచిత్రాల కాలం అని. అన్నిటికీ మించి కొడవటిగంటి కుటుంబరావు కాలం. సంపాదకుడిగా పేరు అచ్చు కాకపోయినా 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా కథలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్లాయి.

పత్తికొండలో మా అమ్మ లెక్క ఇంకోటి. "ఇవి నువ్వు పుట్టకముందువి, ఇవి పుట్టినాకవి" అని రెండు కట్టలు కట్టింది. పేరు అచ్చుకాని సంపాదకురాలు ఆమె కూడా!

చందమామ ఇప్పుడు రావడం లేదు. పాత కాగితాలు తూకానికి వేసేముందు, నెలా సంవత్సరం చూడండి. అమ్మనూ ఒకమాట అడగండి.