ముప్పై మార్కుల కాగితం

1975లో అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్, ఆయన భార్య సూసన్, సహచరుడు పాల్ మెక్‌హ్యూ ఒక మనోవైద్య పరిశోధన పత్రికలో చిన్న పరీక్ష అచ్చువేశారు. పేరు మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్, డాక్టర్లకు ఎంఎంఎస్‌ఈ. అప్పటికే ఉన్న పరీక్షలు పొడుగ్గా ఉండేవి. మతి తప్పిన వృద్ధుడు అంతసేపు కూర్చోలేడు, మధ్యలోనే అలిసిపోతాడు. అందుకే వీళ్లు మనోభావాల జోలికి పోకుండా తెలివి, జ్ఞాపకం వరకే అడిగారు.

మొత్తం 30 మార్కులు. తేదీ, చోటు చెబితే 10. మూడు వస్తువుల పేర్లు విని అప్పజెబితే 3, కాసేపాగి గుర్తుచేసుకుంటే మరో 3. వందలోంచి ఏడేసి తీసేస్తూ పోతే 5. ఆపైన కాగితం మడవడం, ఒక వాక్యం రాయడం, ఒకదానిమీదొకటి పడిన రెండు పంచభుజులను చూసి గీయడం వంటివి. పది నిమిషాల పని. కాగితం, పెన్సిలు ఉంటే చాలు.

అంత తేలిక కాబట్టే జిరాక్సులుగా ప్రపంచమంతా తిరిగింది. పాఠ్యపుస్తకాల్లో చేరింది, అల్జీమర్స్ మందుల ప్రయోగాలకు కొలబద్ద అయింది. అదెవరి సొత్తో అడగాలని చాలామందికి తోచనేలేదు.

2001లో ప్రపంచవ్యాప్త హక్కులు ఫ్లోరిడాలోని పీఏఆర్ అనే ప్రచురణ సంస్థకు వెళ్లాయి. 2011 నాటికి ఒక్కో ఫారం 1.23 డాలర్లు. వేలమందిని ఏటేటా పరీక్షించే పరిశోధనకు ఇది చిన్న లెక్క కాదు. అదే సమయంలో హార్వర్డ్ పరిశోధకులు ‘స్వీట్ 16’ అని ఉచిత పరీక్ష తయారుచేస్తే, హక్కుల అభ్యంతరంతో అది ఇంటర్నెట్ నుంచి మాయమైంది. చట్టం పీఏఆర్ వైపే ఉండొచ్చు. కానీ పాతికేళ్లు ఊరంతా నడిచిన దారికి గేటు పెట్టడం న్యాయంగా నాకైతే కనిపించదు.

హక్కుల గొడవ లేకున్నా ఇంకో చిక్కుంది. ఆ కాగితం బడికి వెళ్లినవాళ్లను ఊహించుకుని పుట్టింది. ఏకాదశి ఎప్పుడో ఠక్కున చెప్పే ముసలమ్మకు ఇంగ్లీషు తేదీ తట్టకపోతే అది జబ్బు కాదు. ఎన్నో అంతస్తులో ఉన్నామని పెంకుటింట్లో అడిగితే ఏం చెబుతుంది? హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ, విజయ్ చంద్ర బృందం దీన్ని హిందీలోకి తెచ్చినప్పుడు ప్రశ్నలనే మార్చింది. అంకెల తీసివేత బదులు వారాల పేర్లు వెనకనుంచి చెప్పమంది. రాతలో ఉన్న ఆదేశం చదివి కళ్లు మూయమనే చోట, పరీక్షించే మనిషి తాను మూసి చూపించి అలా చేయమంటాడు. వాక్యం రాయక్కర్లేదు, ఇంటి గురించి ఒక మాట చెబితే చాలు. ఈ పరీక్ష 1995లో అచ్చయింది.

ఇలాంటి మార్పులు ఎందుకు ముఖ్యమో చూడండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతి తప్పే జబ్బు) రోగులను పరిశీలించి, రెండు భాషలొచ్చినవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని 2013లో ప్రకటించింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. అలాంటి ఫలితం నమ్మదగ్గదవ్వాలంటే, చదువు లేకపోవడాన్ని జబ్బుగా లెక్కగట్టని పరీక్ష చేతిలో ఉండాలి.

ఈ చిక్కులనుంచి బయటపడే ప్రయత్నాలూ జరిగాయి. కేంబ్రిడ్జిలో పుట్టిన ఆడెన్‌బ్రూక్స్ అనే ఇలాంటి మరో పరీక్ష తొలిరూపాల్లో ఫోల్‌స్టీన్ ప్రశ్నలే ఇమిడి ఉండేవి. హక్కుల ఇబ్బంది వల్ల మూడో కూర్పులో వాటిని తీసేసి కొత్తవి పెట్టారు. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో సొంత పరీక్షల పెట్టె తయారుచేయించింది.