కుక్కను వెంటబెట్టుకుని సైకిలు యాత్ర: మన దారుల్లో సాగేనా?

విశాఖపట్నం: సైకిలు వెనక పెట్టెలో కుక్కను కూర్చోబెట్టుకుని దేశాలు తిరిగేవారి బొమ్మలు సెల్‌ఫోనులలో చూసి మన పల్లెల కుర్రకారు ముచ్చట పడుతున్నారు. పెట్రోలు ఖర్చు లేకుండా, దారిలో చెత్త పోయకుండా, చెట్టూచేమా గురించి నాలుగు ఊళ్లకు చెప్పుకుంటూ మనమూ అలా తిరిగొస్తే ఎలా ఉంటుందన్న మాట భీమిలి, ఆనందపురం వైపు టీ బడ్డీల దగ్గర కూడా వినవస్తోంది. మాట మంచిదే. అయితే మన ఎండకు, మన తారురోడ్లకు, మన ఊరకుక్కలకు తట్టుకుని ఆ యాత్ర ఎంతదూరం సాగుతుంది? సాగినా ఊరికి ఒరిగేదేమిటి?

కుక్కతో దూర ప్రయాణం మనకు కొత్త సంగతి కాదు. పాండవులు మహాప్రస్థానానికి బయలుదేరినప్పుడు చివరిదాకా ధర్మరాజు వెంట నడిచింది కుక్కేనని హరికథలు విన్నవారందరికీ విదితమే. తమ్ముళ్లు పడిపోయినా ఆయన ఆగలేదు గాని, కుక్కను వదిలి స్వర్గానికి రమ్మంటే మాత్రం రానన్నాడు. అయితే ఆయనకు సైకిలూ లేదు, వెనకనుంచి హారను కొట్టే లారీలూ లేవు.

ఈ కాలపు యాత్రికులలో చెప్పుకోదగిన మనిషి ఇష్‌బెల్ హోమ్స్ అనే బ్రిటిషు మహిళ. ఆమె సైకిలు మీద ప్రపంచయాత్ర చేస్తూ టర్కీ దేశంలో పోతుంటే ఒక వీధికుక్క వెంటపడి వచ్చింది. తిండి పెట్టే స్తోమతు తనకే అంతంతమాత్రం కాబట్టి ఆమె మొదట దాన్ని పట్టించుకోలేదు. ఇంతలో వేరే కుక్కలు దాని మీదపడి కరవసాగాయి. ఆమె వెనుదిరిగి వెళ్లి విడిపించి, లూసీ అని పేరు పెట్టి, సైకిలు మీద పెట్టె కట్టి ఎక్కించుకుంది. ఆ కథను 2018లో పుస్తకంగా రాసింది. స్కాట్లండు కుర్రవాడు డీన్ నికల్సన్‌కు అదే ఏడాది డిసెంబరులో బోస్నియా కొండదారిలో దొరికింది కుక్క కాదు, పిల్లికూన. అది అతని భుజమెక్కి ఊరేగితే లక్షలాది మంది చూశారు. ఇద్దరి అనుభవం చెప్పేది ఒకటే. ఒంటరిగా వచ్చిన పరాయి మనిషిని ఊరు అనుమానంగా చూస్తుంది. వెంట నోరులేని జీవి ఉంటే ముందు పిల్లలు చేరతారు, వారి వెనక తల్లులు వస్తారు. ఆ తరువాత మాట దానంతటదే కలుస్తుంది.

అయితే వీరు పర్యావరణం కోసమని బయలుదేరినవారు కారు. ఆ పని కోసమే సైకిలెక్కిన మనిషి అమెరికా వాసి రాబ్ గ్రీన్‌ఫీల్డ్. 2013లో అతడు వెదురు చట్రంతో చేసిన సైకిలు మీద పడమటి తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 104 రోజుల్లో సుమారు 7,500 కిలోమీటర్లు తొక్కి తూర్పున ఉన్న వెర్మాంట్ రాష్ట్రం చేరాడు. తనకు తానే కట్టుబాట్లు పెట్టుకున్నాడు. ఆ 104 రోజులూ కలిపి వాడిన నీళ్లు సుమారు 600 లీటర్లు, చేసిన చెత్త కిలోకు లోపు, ఒక్క దీపం స్విచ్చి కూడా నొక్కలేదని లెక్క చెప్పాడు. రోజుకు ఆరు లీటర్ల నీళ్లన్నమాట. బిందె నీళ్ల కోసం అర కిలోమీటరు నడిచే మన ఆడపడుచులకు ఇది పెద్ద వింతగా తోచకపోవచ్చు. అక్కడివారికి మాత్రం వింతే.

మన సైకిలు మనిషి

పరాయి దేశాల ముచ్చట అలా ఉంచితే, సైకిలును పచ్చదనానికి వాహనం చేసిన మనిషి మన తెలుగునాట ఒకరున్నారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య. జనం ఆయనకు పెట్టుకున్న పేరు వనజీవి రామయ్య. జేబులో విత్తనాలు, సైకిలుకు మొక్కలు, మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అని రాసిన పలక. ఇదీ ఆయన వేషం. పారేసిన రేకులు, మూతలు ఏరి తెచ్చి వాటి మీద నినాదాలు రాసేవారు. రోడ్డు పక్క, కాలువ గట్టు, ఖాళీ జాగా ఎక్కడ కనబడితే అక్కడ గింజ పాతేవారు. భార్య జానమ్మ ఆయనకు తోడు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. తనను ఢీకొన్న వాహనదారుడి మీద కేసు వద్దు, వంద మొక్కలు నాటించండి చాలునని పోలీసులను కోరినట్లు ఒకసారి పత్రికలలో వచ్చింది. 2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశారు.

రామయ్య తిరిగింది దేశాలు కాదు, తన చుట్టుపక్కల ఊళ్లు. కాబట్టి నాటినదాన్ని మళ్లీ వెళ్లి చూసుకోగలిగారు. దూరయాత్ర చేసేవారికి లేని సదుపాయం ఇదే. వారు మొక్క నాటి ఫొటో దిగి మర్నాడు వేరే జిల్లాలో ఉంటారు. నీళ్లు పోసేదెవరు? ఈ విలేకరి చూసినంతలో, పంచాయతీలో నాటించిన మొక్కలకు కంచె వేసినవే బతికాయి. మిగతావి మేకల పాలయ్యాయి.

ఏ మొక్క అన్నదీ ఆలోచించవలసిన విషయమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను పడగొట్టి వెళ్లాక, త్వరగా పెరుగుతాయని నగరంలో ఏడాకుల పాల చెట్లు విరివిగా నాటారు. అవి పూత పట్టే చలికాలం మొదట్లో ఆ వాసన పడక ఇబ్బంది పడుతున్నామని నగరవాసులు వాపోయారు. వేప, కానుగ, చింత వంటి మన చెట్లు నెమ్మదిగా పెరిగినా గాలికి నిలబడతాయి, నీడా ఇస్తాయి.

ఉక్కు లెక్క

పచ్చగా బతకమని విశాఖలో చెప్పబోయేవాడు ముందు విశాఖ గాలిని పీల్చాలి. ఉత్తరాన కైలాసగిరి కొండల వరుస, దక్షిణాన యారాడ కొండల వరుస, నడుమ గిన్నెలో పోసినట్టు నగరం, రేవు, కర్మాగారాలు. గాలి కదలని రోజుల్లో పొగ, ధూళి ఆ గిన్నెలోనే తిరుగుతుంటాయి. 1933లో ప్రారంభమైన రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుమతి, ఎగుమతుల మూలంగా నల్లటి ధూళి గుమ్మాల మీద, ఆరేసిన బట్టల మీద పడుతోందని పాతనగరం ప్రజలు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూ వచ్చారు. గాలి నాణ్యత మెరుగుపరచవలసిన నగరాల జాబితాలో కేంద్రం విశాఖను కూడా చేర్చింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు పోయాయి. పశువులూ కట్టుగొయ్యల దగ్గరే పడిపోయాయి. ఇంత జరిగిన చోట, సంచి పట్టుకుని సంతకు వెళ్లండని పల్లె మనిషికి సుద్దులు చెబితే, ముందు పొగగొట్టాలకు చెప్పి రమ్మంటాడు. అతని మాట కాదనలేం.

సైకిలు కూడా ఉక్కే కదా అని అడిగేవారున్నారు. ఆ లెక్కా చూద్దాం. బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేసు దారిలో టన్ను ఉక్కు చేస్తే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. ఏటా 73 లక్షల టన్నుల ద్రవ ఉక్కు సామర్థ్యమున్న మన విశాఖ ఉక్కు కర్మాగారానిదీ అదే పద్ధతి. 18 కిలోల సైకిలు అనుకుంటే, ఆ ఉక్కు వరకు సుమారు 40 కిలోలు అవుతుంది. లీటరు పెట్రోలు మండితే వచ్చేది సుమారు 2.3 కిలోలు. అంటే సైకిలు ఉక్కు తాలూకు పొగ 17, 18 లీటర్ల పెట్రోలుతో సమానం. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే మోటారుసైకిలును ఇంట్లో పెట్టి దాదాపు 900 కిలోమీటర్లు సైకిలు తొక్కితే ఆ బాకీ తీరిపోతుంది. రోజుకు పది కిలోమీటర్లు తొక్కేవాడికి మూడు నెలల పని. ఆపైన తొక్కినదంతా లాభమే. (మన కర్మాగారం చేసేది కమ్మీలు, తీగచుట్టలు, యాంగిళ్లు వంటివి. సైకిలు గొట్టాలకు కావలసిన రేకు ఇక్కడ తయారు కాదు. మన ఉక్కుతో మన సైకిలు అని చెప్పుకోలేకపోవడం కాస్త వెలితే.)

ఇంత చెప్పినా పల్లెను పూర్తిగా వదిలిపెట్టనక్కరలేదు. చోడి అంబలి తాగి, సైకిలు మీద పాల క్యాను కట్టుకుపోయే రైతు వల్ల భూమికి వచ్చిన ముప్పు లేదు. కాని ఊరిచివర గెడ్డ ఒడ్డు చూడండి. కూల్‌డ్రింకు సీసాలు, గుట్కా పొట్లాలు, పెళ్లి భోజనాల పేపరు గ్లాసులు. వాటిని కుప్పచేసి అంటిస్తున్నారు. ఆ పొగ పొయ్యి పొగ వంటిది కాదు, విషం. సంచులు మేసిన ఆవుల కడుపులో అవి అరగక ఉండలు కడతాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. అంతకు కొద్ది వారాల ముందే విశాఖ నగరపాలక సంస్థ తన పరిధిలో నిషేధం మొదలుపెట్టింది. నగరంలో దండుగ వేస్తారన్న భయమైనా కొంత ఉంది. పల్లె కిరాణా కొట్టులో అదీ లేదు. యాత్రికుడు వచ్చి మాట్లాడితే ఉపయోగం ఇక్కడే. చెప్పవలసింది కూడా తక్కువే: కాల్చవద్దు, పశువుకు అందనివ్వవద్దు, పెళ్లికి అడ్డాకు విస్తళ్లు తెప్పించండి.

బయలుదేరేవారికి

కుక్కను సైకిలు వెంట పరుగెత్తించి తీసుకుపోవచ్చుననుకుంటే పొరపాటు. మనలా దానికి ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి వగరుస్తూ వేడి బయటికి పంపుకోవాలి. ఎండలో రెండు మూడు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తిస్తే వడదెబ్బ తగిలి ప్రాణానికే రావచ్చు. తారురోడ్డు మీద మన అరచేతి వెనకభాగం ఐదు లెక్కపెట్టేంతసేపు ఆనించలేకపోతే దాని పాదాలూ ఓర్చవు. క్యారియరు మీద వెదురుబుట్ట గాని, వెనక రెండు చక్రాల చిన్న తోపుడు పెట్టె గాని కట్టి, పైన నీడ వేసి కూర్చోబెట్టాలి. హ్యాండిలుకు తాడు కట్టవద్దు. వేరే కుక్కను చూసి ఒక్క గుంజు గుంజితే మనిషి, సైకిలు, కుక్క ముగ్గురూ రోడ్డు మీదే. ఒత్తు బొచ్చున్న సీమజాతి కుక్కల కంటే మన ఊరకుక్కే ఈ వేడికి ఆగుతుంది. పెరుగన్నం, కోడిగుడ్డు చాలు. ఉల్లిపాయ, చాక్లెట్టు పెట్టకూడదు. రాత్రి చెవుల వెనక, వేళ్ల సందుల గోమార్లు ఏరాలి.

అసలు ప్రమాదం ఊరి పొలిమేరల దగ్గర. ప్రతి వీధీ ఏదో ఒక కుక్కల గుంపు సొంతం. లూసీకి టర్కీలో జరిగింది ఇక్కడా జరుగుతుంది. గుంపు కనబడగానే దిగి, సైకిలును అడ్డుపెట్టి నెమ్మదిగా నడవడం మేలు. తొక్కుకుంటూ పారిపోతే మరింత తరుముతాయి. బయలుదేరడానికి నెల ముందే పశువుల ఆసుపత్రిలో కుక్కకు రేబిస్ టీకా వేయించి కాగితం దగ్గర ఉంచుకోవాలి. మనిషిని కుక్క కరిస్తే, గీరినా సరే, ఆ చోట సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. టీకా అక్కడ ఉచితం. చెప్పిన రోజులన్నీ వేయించుకోవాలి. పసరు, సున్నం, మంత్రం అని రోజులు గడిపినవారు ఇక దక్కలేదు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బతకడం దాదాపు లేదు.

కాలం సంగతికొస్తే, తుపానుల రోజులు దాటాక డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. అప్పుడు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి తుని వైపు పోయేవారికి వీపున తోడుంటుంది. కుక్కతో రోజుకు 40 కిలోమీటర్లు మించకుండా పోతే మొదటి రాత్రి అనకాపల్లి, రెండో రాత్రి నక్కపల్లి, మూడో రోజుకు అన్నవరం చేరవచ్చు. సత్యదేవుని దర్శనానికి మాత్రం ఒకరు కొండ దిగువన కుక్క దగ్గర ఉండవలసిందే. జాతీయ రహదారి మీద చీకటి పడ్డాక తొక్కవద్దు. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, కుక్క మెడకు చిరుగంట ఉండాలి.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి తొక్కలేనివారు రాజమండ్రి పోయి రైలెక్కవచ్చు. సైకిలును పార్సిలు ఆఫీసులో బుక్ చేయాలి. కుక్కను మామూలు పెట్టెలో ఎక్కనివ్వరు. గార్డు పెట్టెలో కుక్కలకు వేరే గది ఉంటుంది, దానికి రుసుము కట్టి, టీకా కాగితం చూపించి, రైలు వేళకు బాగా ముందుగా వెళ్లి రసీదు తీసుకోవాలి. రైలు ఆగిన పెద్ద స్టేషనులో దిగి దానికి నీళ్లు పెట్టి రావడం యజమాని పనే.