కీ ఇచ్చే గడియారాలు: సేకరణ, ధారణ, సంరక్షణ

ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ మెషిన్ టూల్స్, జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో 1961లో బెంగళూరులో చేతి గడియారాల తయారీకి పూనుకోగా, అక్కడి నుంచి వెలువడిన జనతా, పైలట్, కాంచన్ వంటి హెచ్‌ఎంటీ రకాలు పెళ్లి కానుకలుగా, పదవీ విరమణ బహుమతులుగా దేశమంతటా వ్యాపించాయి. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారాల పోటీకి తట్టుకోలేక నష్టాల పాలైన ఈ విభాగాన్ని మూసివేయడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపింది. బీరువాల్లో మరుగున పడిన ఆ గడియారాల కోసమే నేడు సేకరణకర్తలు వెతుకుతున్నారు.

కీ ఇచ్చినప్పుడు బిగుసుకునే మెయిన్ స్ప్రింగ్ తిరిగి విచ్చుకుంటూ పళ్ల చక్రాలను తిప్పుతుంది. ఆ శక్తి ఒక్క ఉదుటున ఖర్చయిపోకుండా కొద్దికొద్దిగా విడుదల చేసే ఏర్పాటును ఎస్కేప్‌మెంట్ అంటారు. దాని లయను అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్, దానికి అమర్చిన వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగ్ కలిసి నిర్ణయిస్తాయి. జనతాలో ఈ లయ గంటకు 18,000, అంటే సెకనుకు ఐదు కదలికలు కాబట్టి, సెకన్ల ముల్లు సెకనుకొక గంతు వేయక ఐదు చిన్న అడుగులుగా సాగుతుంది. డయల్‌పై కనిపించే ‘17 జ్యుయెల్స్’ అనే మాట ఇరుసుల ఒరిపిడిని తగ్గించే కృత్రిమ కెంపులకు సంబంధించినదే తప్ప ఆభరణపు విలువను సూచించేది కాదు.

సేకరణలో అతి పెద్ద చిక్కు డయల్ దగ్గరే వస్తుంది. అసలు డయల్‌కు కొత్త రంగు పూసి, అక్షరాలు మళ్లీ ముద్రించి, ఎప్పుడూ తయారు కాని రంగుల్లో అమ్మేవారు ఎందరో ఉన్నారు. భూతద్దంలో చూస్తే ఫ్యాక్టరీ ముద్రణలో గీతల అంచులు పదునుగా, సమంగా ఉంటాయి. మళ్లీ ముద్రించిన వాటిలో తరచుగా అక్షరాలు లావెక్కి, నిమిషాల గీతలు పక్కకు జరిగి కనిపిస్తాయి. మచ్చలు పడి పసుపెక్కినా సరే, అసలు డయలే మెరిసే కొత్త పూత కన్నా నిస్సందేహంగా విలువైనది.

ఆగిపోయిన గడియారం కన్నా ఎండిన నూనెతో నడుస్తున్న గడియారమే ఎక్కువగా పాడవుతుంది, ఎందుకంటే చిక్కబడిన నూనెలో కలిసిన ధూళి ఇరుసులను నిరంతరం అరగదీస్తూనే ఉంటుంది. అందుచేత కొన్నేళ్లకొకసారి భాగాలన్నీ విప్పి, శుభ్రపరచి, తాజా నూనె వేయించాలి. పైనుంచి ఒక చుక్క నూనె వేయడం సర్వీసింగ్ అనిపించుకోదు. ధరించేవారు రోజూ ఒకే వేళకు, గడియారాన్ని చేతి నుంచి తీసి కీ ఇవ్వడం, నీటికి దూరంగా ఉంచడం మంచిది. స్పీకర్ల వంటి అయస్కాంతాల దగ్గర ఉంచితే హెయిర్ స్ప్రింగ్ చుట్లు అతుక్కొని గడియారం ఒక్కసారిగా వేగం పుంజుకోవచ్చు; అయస్కాంతత్వాన్ని తొలగించే పరికరం ఉన్న మెకానిక్ దీన్ని క్షణాల్లో సరిచేయగలడు. ఉత్పత్తి ఆగిపోయినందున విడిభాగాలు చాలావరకు అదే రకం పాత గడియారాల నుంచే రావలసి ఉంది కనుక, మరమ్మతులో మార్చిన ప్రతి భాగాన్నీ మెకానిక్‌ను అడిగి తీసుకొని గడియారంతోపాటే భద్రపరచాలి.