జాబితాలో లేని జన్యులోపం

సిస్టిక్ ఫైబ్రోసిస్ తెల్లవాళ్ల జబ్బని వైద్యులు చాలాకాలం నమ్మారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ దెబ్బతిన్న సీఎఫ్‌టీఆర్ జన్యువే వచ్చిన బిడ్డలో కణాల గుండా ఉప్పు, నీరు సరిగా కదలవు. ఊపిరితిత్తుల్లో కళ్లె చిక్కబడి బంకలా పట్టుకుంటుంది, సూక్ష్మజీవులు అక్కడే తిష్ఠ వేస్తాయి. 1989లో ఆ జన్యువు దొరికినప్పుడు దానితోపాటే బయటపడిన ప్రధాన దోషం ఎఫ్508డెల్. డీఎన్‌ఏలో మూడు అక్షరాలు జారిపోయి, ప్రోటీన్‌లో 508వ స్థానంలో ఉండాల్సిన ఫినైలలనిన్ లేకుండాపోతుంది. ఐరోపా మూలాలున్న రోగుల్లో దాదాపు పదింట తొమ్మిదిమందికి ఈ లోపం కనీసం ఒక ప్రతిలోనైనా ఉంటుంది. భారతీయ రోగుల్లో చూస్తే, దెబ్బతిన్న ప్రతుల్లో దీని వాటా ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా, సుమారు ఐదోవంతు నుంచి సగం లోపు తేలింది. ఈ జన్యువులో ఇప్పటికి నమోదైన మార్పులు 2,000 పైచిలుకు. వాటిలో ఏది ఎక్కువగా కనబడుతుందన్నది తాతముత్తాతలు ఎక్కడివారన్నదాన్ని బట్టి మారుతుంది.

చిక్కు ఇక్కడే మొదలైంది. దంపతుల్లో ఈ లోపాన్ని మోస్తున్నవారిని గుర్తించడానికి అమెరికా జన్యువైద్యుల సంస్థ 2004లో 23 మార్పుల జాబితా ఖరారు చేసింది. ఆ జాబితా తెల్లజాతి అమెరికన్లలో 88 శాతం వాహకులను పట్టుకుంటే, ఆఫ్రికన్ అమెరికన్లలో 64 శాతాన్ని, ఆసియా మూలాలవారిలో 49 శాతాన్ని మాత్రమే పట్టింది. అక్కడ స్థిరపడిన తెలుగు దంపతులకు ‘లోపం కనబడలేదు’ అని వచ్చిన కాగితం బరువు, పొరుగింటి తెల్లజంటకు వచ్చిన అదే కాగితం బరువంత కాదన్నమాట! జాబితాను 100 మార్పులకు పెంచింది 2023లో. మందుల సంగతీ అంతే. 2019లో అమెరికాలో అనుమతి పొందిన ట్రైకాఫ్టా ఈ జబ్బు గతినే మార్చింది, కానీ మొదట ఎఫ్508డెల్ ఉన్నవారికే. ఎక్కువమందికి ఉన్న లోపానికి ముందు మందు కనిపెట్టడంలో తప్పేముందని అడగవచ్చు. తప్పేమీ లేదు. పైగా ఆఫ్రికా మూలాలవారిలో తరచుగా కనిపించే ఒక మార్పు వల్ల సరైన ప్రోటీన్ దాదాపు తయారే కాదు. ఉన్న ప్రోటీన్‌ను సరిదిద్దే మాత్ర అక్కడ పనిచేయకపోవడం ఎవరి పక్షపాతమూ కాదు. అయితే ల్యాబ్‌లో కణాల మీద పరీక్షించి 2020 డిసెంబరులో ఒక్కసారిగా మరో 177 మార్పులకు ఆ మందును అనుమతించారు. ఆ రోగులకు అడ్డుపడింది జీవశాస్త్రం కాదని దాంతో తేలిపోయింది.

సరే, వంశమూలం అంత ముఖ్యమైతే ప్రతి పరీక్షలోనూ జాతిని లెక్కలోకి తీసుకోవాలా? ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమీటర్‌తో సరిగ్గా ఆ పనే చేశారు. అమెరికాలో నల్లజాతీయులకు ‘మామూలు’ కొలతను 10 నుంచి 15 శాతం, ఆసియావారికి 4 నుంచి 6 శాతం తగ్గించి చూసేవారు. సగటుల్లో తేడా ఉన్నమాట నిజమే. ఆఫ్రికన్ వంశాంశం పెరిగేకొద్దీ కొలత కొంత తగ్గుతుందని 2010లో ఒక పెద్ద అధ్యయనం చూపింది కూడా. కానీ ఆ అంశం మనిషి మనిషికీ మారుతుంది, దరఖాస్తులో ‘నల్లజాతి’ గడి దగ్గర పెట్టిన టిక్కు దాన్ని చెప్పలేదు. బాల్యంలో తిండి, పీల్చిన పొగ, చేసిన పని కూడా ఆ సగటులో కలిసే ఉన్నాయి. దాన్నే మామూలని ప్రకటిస్తే జబ్బుపడ్డ ఊపిరితిత్తి ఆరోగ్యంగా కనిపిస్తుంది. అందుకే 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతి ప్రమేయం లేని కొలమానాన్ని సిఫారసు చేసింది.

ఒకచోట మూలాన్ని లెక్కలోకి తీసుకోవాలని, మరోచోట వద్దని అనడంలో పొంతన లేదనిపించవచ్చు. నా దృష్టిలో మూలం ఏం వెతకాలో చెప్పాలి గాని, ఏది మామూలో తేల్చకూడదు. మత్తుమందు వైద్యులకు ఇది కొత్త కాదు. కండరాలను సడలించే సుక్సమెథోనియం ఇస్తే కొందరు ఆర్యవైశ్యులకు ఒక ఎంజైమ్ లోపం వల్ల శ్వాస కండరాలు గంటలతరబడి స్తంభించిపోతాయి. అందుకే శస్త్రచికిత్సకు ముందు ‘మీరు ఆర్యవైశ్యులా?’ అని అడుగుతారు. ప్రశ్న సామాజికవర్గం గురించే, జవాబు మాత్రం రక్తపరీక్ష చెబుతుంది. లోపం ఉన్నవారు ఆ వర్గంలోనూ కొందరే, బయటా ఉంటారు.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు అలాంటి పరీక్ష 1959 నుంచీ ఉంది. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్‌లు దాటితే అది జబ్బు లక్షణమే, పూర్వీకులు ఎక్కడివారైనా సరే. మన దగ్గర ఇలాంటి పిల్లలు మాటిమాటికీ న్యుమోనియా అనో, క్షయ అనో మందులు వాడుతూ ఉండిపోవడానికి ఒక కారణం ఈ పరీక్ష చాలాచోట్ల అందుబాటులో లేకపోవడం. హైదరాబాద్ సీసీఎంబీ కూడా పాలుపంచుకున్న జీనోమ్‌ఇండియా ప్రాజెక్టు 2025 జనవరిలో 10,000 మంది జన్యుపటాలను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఒక మార్పు ఆరోగ్యవంతుల్లో తరచుగా కనబడితే అది దోషి కాకపోవచ్చని చెప్పడానికి అవి అక్కరకొస్తాయి. దోషి ఎవరో చెప్పాలంటే రోగుల జన్యువు కావాలి, అదీ జాబితాతో సరిపెట్టకుండా మొదటి నుంచి చివరిదాకా చదివినది. అందుకు ముందు ఆ రోగులు ఎవరో తెలియాలి కనుక, జిల్లా ఆసుపత్రిలో చెమట పరీక్షతో మొదలుపెట్టడమే వరస.