ఏడు పేర్లు, ఒకే చీపురు

తమిళనాడులో, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న నాట్రంపల్లి, గుడియాత్తం వైపు తెలుగు మాట్లాడే కులాలకు ఊడ్చే పని ఎలా అంటుకుంది, ఎందుకు వదలడం లేదు? ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారు అప్పగించిన ప్రశ్న ఇది. గురువారం సాయంత్రానికి కాపీ ఇవ్వాలి. కాగితాలు తిరగేస్తూ ఒక చట్టం దగ్గర ఆగిపోయాను.

2009లో తమిళనాడు చేసిన అరుంధతియర్ల ప్రత్యేక రిజర్వేషన్ చట్టం అది. అరుంధతియర్లంటే ఎవరో చెప్పడానికి అందులో ఏడు పేర్లు రాశారు: అరుంధతియర్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర. వీటిలో మూడు పేర్లు తెలుగు పాఠకుడికి పరిచయం చేయనక్కర్లేదు. ఈ కులాల్లో చాలా ఇళ్లలో ఇవాళ్టికీ తెలుగే మాట్లాడుకుంటారు. ఎస్సీలకున్న 18 శాతంలో నూటికి 16 సీట్లు, ఉద్యోగాలు ముందుగా వీళ్లకు ఇవ్వాలంది చట్టం. మొత్తం మీద లెక్కేస్తే మూడు శాతానికి దగ్గర.

ఆ మూడు శాతం ఊరికే రాలేదు. జస్టిస్ ఎం.ఎస్. జనార్థనం కమిటీ కూర్చుంది. అసెంబ్లీ చట్టం చేసింది. దాన్ని కోర్టులో సవాలు చేశారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 తేడాతో ఎస్సీ వర్గీకరణ చెల్లుతుందని చెప్పేదాకా దాని మీద కత్తి వేలాడుతూనే ఉంది. కాలేజీ సీటుకూ ఆఫీసు కుర్చీకీ ఇంత పోరాటం.

పాకీ పనికి మాత్రం ఏ కమిటీ అవసరమూ పడలేదు. 2021 డిసెంబరులో కేంద్ర మంత్రి రాందాస్ అథవాలే రాజ్యసభకు ఇచ్చిన జవాబు చూడండి. చేతులతో మలం ఎత్తేవాళ్లుగా గుర్తించినవారిలో 43,797 మంది కులం వివరాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. అందులో ఎస్సీలు 42,594 మంది. ఎస్టీలు 421, ఓబీసీలు 431, మిగతా అందరూ కలిపి 351. నూటికి 97 మంది ఎస్సీలే! రోస్టర్ లేదు, నోటిఫికేషన్ లేదు, పరీక్ష లేదు. అయినా ఎవరు చేయాలో అందరికీ ముందే తెలుసు.

పేదరికం వల్లే ఈ పనిలోకి వస్తున్నారన్న వాదనను నేను నమ్మను. పేదలు అన్ని కులాల్లోనూ ఉన్నారు. తమిళనాడు అసెంబ్లీ సచివాలయం 14 స్వీపర్, పారిశుద్ధ్య ఉద్యోగాలు వేస్తే ఇంజినీర్లతో సహా వేలమంది దరఖాస్తు చేశారని 2019లో పత్రికలు రాశాయి. పర్మినెంటు జీతం ఉంటే చీపురు పట్టడానికి జనం వరస కడతారు. కాంట్రాక్టు చీపురూ మురుగు గుంటా మాత్రం పాత చేతుల్లోనే మిగులుతున్నాయి.

చరిత్రను రెండు ముక్కల్లో చెప్పాలంటే: ఊళ్లలో తోటి చేసిన వెట్టి, బ్రిటిష్ పాలనలో మున్సిపాలిటీలు వచ్చాక జీతం పనిగా మారింది, కులం మారలేదు. 1880ల నుంచి కోలారు బంగారు గనులకు చిత్తూరు, ఉత్తర ఆర్కాట్ ప్రాంతాల నుంచి కూలీలు వెళ్లారు. ఆ ఉత్తర ఆర్కాట్‌లో ఒక భాగమే తర్వాత వేలూరు జిల్లా అయింది. 2019లో అందులోంచి తిరుపత్తూరు జిల్లా వచ్చింది, నాట్రంపల్లి అందులోకి చేరింది.

నాట్రంపల్లి నుంచి కుప్పం మీదుగా వెళ్తే వచ్చే ఆ కోలారు గనుల ఊళ్లోనే, కేజీఎఫ్‌లో, 1966లో బెజవాడ విల్సన్ పుట్టారు. తెలుగు కుటుంబం. తండ్రీ అన్నా అక్కడి పొడి మరుగుదొడ్లు ఎత్తినవాళ్లే. ఈ పని ఆపాలని 1986 నుంచి ఆయన అధికారులకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. 1993లో పాకీ పని నిషేధ చట్టం వచ్చినా ఆ మరుగుదొడ్లు పోలేదు. ఆయన సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. మధ్యలో 2013లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు ఇచ్చారు. ఎస్.ఆర్. శంకరన్ వంటి ఐఏఎస్ అధికారి ఈ పోరాటంలో ఆయన పక్కన నిలబడ్డారని తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

మరికొంత

● 2025లో ఆంధ్రప్రదేశ్ కూడా ఎస్సీలను వర్గీకరించింది. కోస్తా పట్టణాల్లో తరాలుగా ఊడుస్తున్న రెల్లి, దాని ఉపకులాలకు 1 శాతం, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5.

● 2013 చట్టం కింద గుర్తించిన పాకీ కార్మికుడికి ఒకసారి ఇచ్చే సాయం 40,000 రూపాయలు.

● మురుగు కాలువలో చనిపోతే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచుతూ 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఆదేశించింది.

● సెప్టిక్ ట్యాంకు నిండితే మనిషిని దింపకండి. తమిళనాడులో 14420కి ఫోన్ చేస్తే యంత్రంతో తోడే లారీ వస్తుంది.