షుగర్ మిషన్ లాంటిది క్యాన్సర్‌కూ వస్తుందా?

సొసైటీ వైద్య శిబిరం పెట్టిన ప్రతిసారీ దాతల్లో ఎవరో ఒకరు మమ్మల్ని అడుగుతారు: "మాస్టారూ, ఒక్క చుక్క రక్తంతో క్యాన్సర్ కనిపెట్టే మిషన్ వచ్చిందట. ఖర్చు మేము పెట్టుకుంటాం, బందరుకు ఒకటి తెప్పించండి." అడగడంలో న్యాయం ఉంది. గుడివాడలోనైనా దివిసీమలోనైనా జబ్బు ముదిరాకే కదా మనవాళ్లు విజయవాడ దారి పట్టేది. అందుకే ఆ మిషన్ సంగతి మాకు తెలిసినంతలో చెబుతాము.

షుగర్ చూసే పట్టీ మీద ఒక ఎంజైము ఉంటుంది. అది రక్తంలోని చక్కెరతో చర్య జరిపినప్పుడు ఎలక్ట్రాన్లు వెలువడతాయి. చక్కెర ఎక్కువైతే కరెంటూ ఎక్కువ; మిషన్ చూపే అంకె అదే. అమెరికాలో క్లార్క్, లయన్స్ అనే ఇద్దరు 1962లో ఈ ఆలోచనకు పునాది వేశారు. క్యాన్సర్ సెన్సర్‌లో ఎంజైముకు బదులు యాంటీబాడీని పూస్తారు. తాళానికి దాని చెవే పట్టినట్టు, అది తనకు సరిపడే ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. పట్టుకోగానే కరెంటులో తేడా వస్తుంది.

చెప్పడానికి ఇంతే. చిక్కంతా కొలతలో ఉంది. ఒక మిల్లీలీటరు రక్తంలో చక్కెర సుమారు 1 మిల్లీగ్రాము. ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చే పిఎస్ఏ అనే ప్రోటీన్ 4 నానోగ్రాములు దాటితేనే డాక్టర్లు అనుమానిస్తారు. అంటే రెండున్నర లక్షల రెట్లు తక్కువ. మన రైతుల లెక్కలో, చక్కెర నాలుగైదు కిలోల వడ్లయితే ఇది అందులో ఒక్క గింజ! పైగా తూముకు గుర్రపుడెక్క అడ్డం పడ్డట్టు, రక్తంలోని మిగతా ప్రోటీన్లు ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటాయి. బంగారు నానో రేణువులు, గ్రాఫీన్ పూసి శాస్త్రవేత్తలు ఆ సంకేతాన్ని పెంచే పనిలో ఉన్నారు. కొలత సరిగ్గా వచ్చినా, వయసు మీద పడి గ్రంథి ఉబ్బినవారిలోనూ పిఎస్ఏ పెరుగుతుంది. లేని జబ్బుకు భయపడాల్సి వస్తుంది.

తొందరపడితే ఏమవుతుందో అమెరికాలో చూశారు. కొద్ది చుక్కలతో ఎన్నో పరీక్షలు చేస్తామని థెరానోస్ కంపెనీ కోట్ల డాలర్లు పోగుచేసింది. పెట్టుబడిదారులను మోసగించినట్టు దాని అధినేత్రిపై 2022లో నేరం రుజువైంది.

ఈలోగా నోటి క్యాన్సర్‌కు టార్చిలైటు చాలు. తిరువనంతపురం జిల్లాలో డాక్టర్లు కాని డిగ్రీ చదివినవాళ్లకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి నోళ్లు చూపించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. గుట్కా నమిలేవాళ్లు మన పేటల్లో తక్కువా? డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మా పాత విద్యార్థులు తక్కువా?

30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. బందరులో 2023 నుంచి మెడికల్ కాలేజీ కూడా ఉంది. కానీ ఆడవాళ్లు మగ డాక్టరంటే వెనకాడతారు, నాగాయలంక నుంచి రానూపోనూ ఒక రోజు కూలి పోతుంది. ఈ ఏడు లేడీ డాక్టరు ఖర్చూ బండి కిరాయీ ఇవ్వండి. ఆ మిషన్ నిజంగా వచ్చిన రోజు మేమే మీ గుమ్మం ముందు నిలబడతాము.